పిల్లికి ఇంటి వంట పెట్టొచ్చా? (అత్తయ్యగారి చేపల పులుసు పంచాయితీ)

లంక_కోడలు:

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం అవతల ఒక లంక గ్రామం. పెళ్ళయ్యాక హైదరాబాదులో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరిదీ ఇంటినుంచే పని కాబట్టి అత్తయ్యగారి దగ్గరికి వచ్చేశాం. మాతోపాటు మా గండుపిల్లి కూడా వచ్చాడు. రెండేళ్ళవాడు, నాలుగు కిలోలుంటాడు. పేరు గవర్రాజు. హైదరాబాదులో వాడి పేరు మ్యాక్స్, ఇక్కడ ఆ పేరు నోరు తిరగక మామయ్యగారు మార్చేశారు.

అక్కడ వాడు పుట్టిన దగ్గర్నుంచి ప్యాకెట్ మేతే తిన్నాడు. ఇక్కడికి రాగానే అత్తయ్యగారు వంటింటి గడప పక్కన వాడికో సత్తు పళ్ళెం పెట్టేశారు. పొద్దున్న పెరుగన్నం. మధ్యాహ్నం మేం ఏం తింటే అదే: చేపల పులుసో, రొయ్యల ఇగురో, ఏదీ లేని రోజు నెయ్యి వేసిన పప్పన్నం. రాత్రి గేదెపాలు. నేను వద్దంటే, "ఆ గోలీలేం తిండమ్మా? నేను డొక్కా సీతమ్మగారి ఊరి పక్కన పుట్టినదాన్ని. గడప దగ్గరికొచ్చి అరిచినోడికి అన్నం పెట్టకుండా ఎలా ఉంటాను?" అంటారు. లంకల గన్నవరం పేరు ఎత్తాక ఇక నేనేం మాట్లాడగలనండీ.

ఇప్పుడు వాడు ప్యాకెట్ మొహం చూడట్లేదు. విరేచనం పలచగా అవుతోంది. బొచ్చు మునుపటిలా నిగనిగలాడట్లేదు. హుషారుకి మాత్రం లోటు లేదు, కొబ్బరిచెట్లెక్కి ఉడతల్ని తరుముతున్నాడు.

అలాగని అత్తయ్యగారి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. గోదారికి వరదొస్తే మా కాజ్‌వే మునిగిపోతుంది, అందరం పడవలెక్కాల్సిందే. కొరియర్ అబ్బాయి అవతలి ఒడ్డునుంచి ఫోన్ చేసి పార్సిల్ వెనక్కి పంపేస్తాడు. ఆ రోజుల్లో ఇంట్లో వండిందే గతి.

అందుకని అడుగుతున్నాను. ఇంటి తిండితో పిల్లిని ఆరోగ్యంగా పెంచొచ్చా? ఏది పెట్టాలి, ఎంత పెట్టాలి? అసలు అన్నం అవసరమా? బుట్టలో చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు జెల్లలు, ఒకరోజు శీలావతి తెస్తుంది. తలకాయలూ తోకలూ పచ్చివే వెయ్యమంటుంది. "ప్యాకెట్ ఒక్కటే పెట్టండి" అని మాత్రం రాసి వదిలెయ్యకండి, కారణం కూడా రాయండి. అత్తయ్యగారికి చదివి వినిపించాలి.

---

పాతరేవు:

మా చిన్నప్పుడు మండువా ఇంట్లో ఒక పిల్లి ఈనితే ఇంకో పిల్లి కడుపుతో ఉండేది. వాటికి ప్యాకెట్లు ఎవడు కొన్నాడండీ? విస్తట్లో మిగిలింది, పెరుగన్నం, చేప ముళ్ళు, అంతే. హాయిగా బతికాయి. మీ అత్తగారు పెట్టేది పెట్టనివ్వండి. ఈ కాలం వాళ్ళకి అన్నిటికీ డాక్టరే.

---

చెరువుగట్టు_భీమవరం:

పాతరేవు గారూ, మీ మండువాలో పిల్లులు పెరుగన్నంతో బతకలేదండి. పెరుగన్నం తిని, మూతి తుడుచుకుని, మీ గాదె కింద ఎలకల్ని పట్టుకుని బతికాయి. ఎలకంటే పిల్లికి ఒక్క ముద్దలో అన్నీ దొరికినట్టు. కండ ఉంది, గుండె ఉంది, కార్జం ఉంది, నమిలేంత మెత్తటి ఎముకలున్నాయి. మీరు పెట్టిన పెరుగన్నం దానికి పైన పడిన ఫలహారం. పైగా ఎన్ని పిల్లలు పుట్టాయో మీకు గుర్తుంది, ఎన్ని ఏడాది దాటాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

లంక_కోడలు గారూ, నేను పశువుల డాక్టర్ని కాదు. చేపల మేత, రొయ్యల మేత తయారుచేసే చోట పని. ఇంట్లో పిల్లులున్నాయి, వాటి వంట నాదే (మా ఆవిడకి చేపల వాసన పడదు. భీమవరంలో ఉంటూ అదొక విడ్డూరం). మా వైపు వనామీ రొయ్యల చెరువున్న ఏ రైతయినా మేత కొనేముందు బస్తా తిప్పి, ప్రోటీన్ 32 శాతమా 35 శాతమా అని చూస్తాడు. పెంకు మెత్తబడితే పరుగెత్తుకెళ్ళి మినరల్స్ తెచ్చి చల్లుతాడు. రొయ్యకి తవుడొక్కటే వేసి పెంచుతానంటే నవ్వుతాం కదా. మరి పిల్లికి అన్నం పెట్టి పెంచడమూ అదే పని.

పిల్లి పూర్తిగా మాంసాహారి. కుక్కలా మనింట్లో ఏది ఉంటే దానికి సర్దుకునే ఒళ్ళు కాదు. మెత్తగా ఉడికిన అన్నం కొంతవరకు అరుగుతుంది, విషమేం కాదు. కానీ దాని అవసరం పిల్లికి లేదు. పొట్ట నిండిపోతుంది, తినాల్సిన మాంసం తినదు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే అనుకుంటున్నాను. పాల లెక్క కూడా చూడండి. నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకి 200 నుంచి 250 కేలరీలు చాలు. 100 మిల్లీలీటర్ల గేదెపాలల్లోనే దాదాపు 100 కేలరీలుంటాయి. రాత్రి ఆ చిన్న గిన్నెడు పాలతో వాడి రోజు తిండిలో సగానికి దగ్గరగా అయిపోయింది. పైగా తల్లిపాలు మానిన పిల్లికి పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర సరిగ్గా అరగదు. పలచటి విరేచనానికి నేనైతే ముందు పాలనే అనుమానిస్తాను. పెరుగులో లాక్టోజ్ కాస్త తక్కువే, అప్పుడప్పుడు ఒక చెంచా నాకితే ఏం కాదు, కానీ అది తిండి కింద లెక్క కాదు.

అత్తయ్యగారికి ఒక్క మాట చెప్పండి. వంట మానెయ్యమని ఎవరూ అనట్లేదు. గవర్రాజు వాటా పోపు వెయ్యకముందే తీసెయ్యమనండి, అంతే. చేప కడిగాక, ఉప్పూ పసుపూ కారం పట్టించకముందు రెండు ముక్కలు చిన్న గిన్నెలోకి తీసి, కాసిని నీళ్ళు పోసి ఉడికించి, ముళ్ళు ఏరి పెట్టమనండి. ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా అందులోనే కలపాలి. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది. టారిన్ ఏంటో కింద ఎవరైనా చదువుకున్నవాళ్ళు చెప్తారు.

చేప మంచిదే. ప్రమాదమంతా పులుసులో ఉంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు, కారం అన్నీ అందులోనే కదా.

---

గన్నవరం_హాస్టల్:

పిలిచినట్టున్నారు, వచ్చాను. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను (మీ పి.గన్నవరం కాదండోయ్, కృష్ణా జిల్లా గన్నవరం).

ముందు ఉల్లిపాయ సంగతి, ఎందుకంటే అన్నిటికన్నా తొందరగా ఆపాల్సింది అదే. ఉల్లి, వెల్లుల్లి జాతి ఏదైనా పిల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, కణాలు పగిలి రక్తహీనత వస్తుంది. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. బరువులో కిలోకి 5 గ్రాముల ఉల్లిపాయ చాలని మా పుస్తకాల్లో ఉంది. మీవాడికి 20 గ్రాములన్నమాట, అంటే ఒక చిన్న ఉల్లిపాయలో సగం. ఒక్కసారే అంత తినక్కర్లేదు, రోజూ పులుసన్నంలో కొంచెం కొంచెం వెళ్ళినా దెబ్బే. చిగుళ్ళు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉన్నాయేమో ఒకసారి చూడండి. గులాబీ రంగులో ఉండాలి. మూత్రం ఎర్రగానో గోధుమరంగులోనో వస్తే ఆలస్యం చెయ్యకండి.

టారిన్ అంటే ఒక అమైనో ఆమ్లం. మనం దాన్ని ఒంట్లో తయారుచేసుకుంటాం, పిల్లి సరిపడా చేసుకోలేదు, మాంసంలోంచే రావాలి. లోపిస్తే కంటి రెటీనా పాడై చూపు పోతుంది. గుండె కండరం పలచబడి సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న సంబంధాన్ని కాలిఫోర్నియాలోని డేవిస్ వెటర్నరీ పరిశోధకులు 1987లో బయటపెట్టారు. అప్పట్లో కంపెనీ మేత తిన్న పిల్లులకే ఆ జబ్బు వచ్చింది, ఆ తర్వాతే కంపెనీలు మేతలో టారిన్ పెంచాయి. కాబట్టి పాతరేవు గారూ, ప్యాకెట్లు కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు, పిల్లులు చచ్చిపోతే నేర్చుకుని మార్చినవే. పప్పులో, అన్నంలో టారిన్ లేదు. పాలలో ఉన్నది ఏ మూలకీ రాదు. కోడి రొమ్ము ముక్కలో తక్కువ, తొడ ముక్కలో ఎక్కువ, గుండెకాయల్లో బాగా ఉంటుంది. రొయ్యల్లోనూ ఉంటుంది.

విటమిన్ ఏ కూడా అంతే. క్యారెట్, గుమ్మడికాయ పెట్టి లాభం లేదు. వాటిలో ఉండే కెరోటిన్‌ని పిల్లి విటమిన్ ఏగా మార్చుకోలేదు. కార్జంలో నేరుగా దొరుకుతుంది. అలాగని రోజూ కార్జం పెడితే విటమిన్ ఏ ఎక్కువైపోయి మెడ ఎముకలు అతుక్కుపోయి బిగుసుకుపోతాయి. వారానికి ఒకటి రెండుసార్లు చిన్న ముక్క చాలు.

బుట్ట ఆవిడ మాట వినొద్దు. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపలు పచ్చివి పెడితే వాటిలో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. అలా కొంతకాలం తిన్న పిల్లి తల కిందికి వాల్చేసి తూలుతూ నడుస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది, ఇక భయం లేదు.

విరేచనానికి పాలొక్కటే కారణం కాకపోవచ్చు. ఉడతల్ని తరిమేవాడు ఎలకల్ని, బల్లుల్ని కూడా పడుతుంటే కడుపులో పాములు ఉండే అవకాశం ఎక్కువ. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి మలం నమూనా పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి, మందు బరువుని బట్టి వాళ్ళే ఇస్తారు. ఇంట్లో ఉన్న మనుషుల మందులు మాత్రం వెయ్యొద్దు. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేసినా పిల్లి ప్రాణానికే ముప్పు.

---

లంక_కోడలు:

అందరికీ చాలా థాంక్సండి. మొత్తం చదివి వినిపించాను. గుండె జబ్బు మాటకి అత్తయ్యగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఉప్పూ కారం లేకుండా వాడి నోటికి ఏం రుచి? జబ్బు మనిషికి పెట్టే పత్యంలా ఉంటుంది" అన్నారు. చిగుళ్ళు చూశాం, గులాబీ రంగులోనే ఉన్నాయి.

ఇంకో మాటేంటంటే, వీడు పూతరేకులు తింటాడు! ఆత్రేయపురం నుంచి చుట్టాలు తెస్తే డబ్బా మూత తీసేలోపు వచ్చేస్తాడు. మాంసాహారి అంటున్నారు, మరి తీపి ఎందుకు? ఎండు నెత్తళ్ళు, రొయ్యల తలకాయలు, కోడిగుడ్డు కూడా అడుగుతున్నారు అత్తయ్యగారు. ఇక వరద రోజుల్లో పూర్తిగా ఇంటి తిండే పెట్టాల్సొస్తే ఎలా వండాలో ఎవరైనా కొలతలతో చెప్పరూ.

---

చెరువుగట్టు_భీమవరం:

పూతరేకుల్లో వాడికి కావలసింది పంచదార కాదండి, నెయ్యి. తీపిని పట్టే గ్రాహకం పిల్లి నాలుక మీద పనిచెయ్యదు. దానికి సంబంధించిన జన్యువే చెడిపోయి ఉందని 2005లో తేలింది. నెయ్యి వాసనకి వచ్చి నాకుతున్నాడు. అత్తయ్యగారి పత్యం బెంగకీ ఇదే జవాబు. పిల్లి తిండిని ముక్కుతో తింటుంది. ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే వాసన చూసి వెళ్ళిపోతాడు, గోరువెచ్చగా చేసి పెడితే ఉప్పు లేకపోయినా పళ్ళెం నాకేస్తాడు.

ఎండు నెత్తళ్ళు వద్దు, ఉప్పు మరీ ఎక్కువ. గుడ్డు ఉడికించి పెట్టొచ్చు, పచ్చసొన ఇష్టంగా తింటారు. రొయ్యల తలకాయలు తాజావైతే, ముందుండే ముల్లు విరిచేసి, ఉడికించి పెట్టొచ్చు. మా వాళ్ళకి అదంటే పిచ్చి. మాకు ఇక్కడ తలకాయలకి కొదవ లేదు కాబట్టి ఆ రోజు ఇంట్లో ఒక్క పిల్లీ నిద్రపోదు. కోడి ఎముకలు మాత్రం ఉడికినవి వెయ్యొద్దు, పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. పులస పెట్టొచ్చా అని మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను: ముళ్ళ వల్ల వద్దు. ఆ ధరకి కొన్న ముక్కని పిల్లికి పెట్టే ఇల్లు నేనింతవరకు చూడలేదనుకోండి.

ఇక కొలతలు. అరకిలో ఎముకలేని కోడి మాంసం, తొడ ముక్కలైతే మేలు. అందులో నాలుగో వంతు గుండెకాయలు, కందనకాయలు కలుపుకోవచ్చు. కార్జం 20, 25 గ్రాములు మించొద్దు. ఒక గుడ్డు. వీటిని కొద్ది నీళ్ళలో ఉడికించి, చల్లారాక చేత్తో చిదిమెయ్యండి, నీళ్ళతో సహా. ఇప్పుడు అందరూ మర్చిపోయేది: కాల్షియం. వట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేదు. నెలల తరబడి అదే పెడితే ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, పిల్లకూనలైతే దూకినప్పుడు కాళ్ళే విరుగుతాయి. ఎలకకి ఎముకలుంటాయి కాబట్టి పాతరేవు గారి పిల్లులకి ఆ బాధ రాలేదు. మనం గుడ్డు పెంకు వాడొచ్చు. పెంకుల్ని కడిగి, కాసేపు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మైదాలా పొడి కొట్టండి. ఈ అరకిలోకి అర టీస్పూనుకి కాస్త పైన. అందులో సుమారు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది. పలుకులు తగిలితే వాడు తినడు, జల్లించండి.

గవర్రాజుకి ఇది రోజుకి 130 నుంచి 150 గ్రాములు, రెండు మూడు పూటలుగా. మిగిలింది పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. వరదొస్తే మీకు కరెంటు ఉంటుందో ఉండదో, అప్పుడు ఏ రోజుకారోజు వండుకోవడమే నయం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ వంటలో కూడా విటమిన్ ఇ, డి, అయోడిన్, జింక్ లాంటివి సరిపడా ఉండవు. వారం, పది రోజుల వరదకి ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి పరవాలేదు. ఏడాది పొడుగునా ఇదే పెడతానంటే టారిన్, విటమిన్లు విడిగా కొని, డాక్టరు చెప్పిన లెక్కతో కలపాలి. నా మటుకు నేను అంత దూరం వెళ్ళను. ప్యాకెట్ అసలు తిండి, వంటింటి ముక్క ముద్దు కోసం, అది కూడా రోజు తిండిలో పదో వంతు. మీవాడికి 20, 25 కేలరీలు, అంటే బొటనవేలంత ఉడికిన ముక్క ఒకటి. అత్తయ్యగారికి ఇది మరీ తక్కువగా తోస్తుంది, తెలుసు. ఆ ఒక్క ముక్కనే చిదిమి మూడుసార్లు పెట్టమనండి. పిలిచి పెట్టిన తృప్తి ఆవిడకీ ఉంటుంది.

ప్యాకెట్‌కి మళ్ళీ మళ్ళించేటప్పుడు పస్తు పెట్టి దారికి తెద్దామనుకోకండి. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, లావు పిల్లులకి మరీ ప్రమాదం. ఉడికించిన చేప నీళ్ళు గోలీల మీద చల్లి, నాలుగో వంతు గోలీలు, ముప్పావు మాంసంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ రండి. గోలీల్లో తేమ పదో వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి ఆ చేప నీళ్ళ వల్ల ఇంకో లాభం కూడా, ఒంట్లోకి నీరు వెళ్తుంది.

---

తణుకు_వాసి:

ఒక్క మాట కలుపుతాను. కోడి కొట్టువాళ్ళు పిల్లికని అడిగితే గుండెకాయలు చవగ్గా ఇస్తారు, నిజమే, కానీ పచ్చివి ఒక్కటి కూడా వెయ్యకండి. 2025 ఫిబ్రవరిలో మా వేల్పూరులో, అటు పెరవలి వైపు కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళ ఫారాలు ఖాళీ చేశారు, గుర్తుందా? ఆ వైరస్ పిల్లులకి తేలిగ్గా సోకుతుంది, సోకితే బతకడం కష్టం. పచ్చి కోడి మాంసం తిని తెచ్చుకుంటాయి. బాగా ఉడికిస్తే ఆ భయం ఉండదు. చనిపోయిన కాకులు, కోళ్ళ దగ్గరికి కూడా వెళ్ళనివ్వకండి. మా వీధిలో అప్పట్లో పిల్లుల్ని ఇంట్లోనే కట్టడి చేశాం, అవి చేసిన గోల ఇంకా చెవుల్లో ఉంది.

---

గన్నవరం_హాస్టల్:

మంచి మాట చెప్పారు. నేనూ ఒకటి మర్చిపోయాను. గవర్రాజు మగపిల్లి కదా, ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే అది మలబద్ధకం అనుకుని ఊరుకోకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. వరద రోజైనా సరే పడవెక్కించాల్సిందే. నీళ్ళు తక్కువ తాగే పిల్లులకి ఇది ఎక్కువ, అందుకే పైన చెప్పిన చేప నీళ్ళు నాకు బాగా నచ్చింది.

---

లంక_కోడలు:

మలం పరీక్షలో పాములున్నాయన్నారు, మందు పట్టించాం. పాలు మానేశాం. మందు పట్టించేటప్పుడు గవర్రాజు మా ఆయన చెయ్యి గీరేశాడు, అది వేరే సంగతి. గోలీల మీద చేప నీళ్ళు చల్లితే మొదట గోలీలు వదిలేసి నీళ్ళే నాకాడు, ఇప్పుడు కొన్ని నములుతున్నాడు.

అత్తయ్యగారు పొయ్యి మీద వాడికో చిన్న గిన్నె విడిగా పెట్టారు. పులుసు కాగేలోపు వాడి ముక్క ఉడికిపోతోంది. ఇవాళ కొత్త ప్రశ్న వచ్చింది: పీతలు పెట్టొచ్చా?

---

చెరువుగట్టు_భీమవరం:

పెట్టొచ్చండి. ఉడికించి, పెంకు ముక్క ఒక్కటి కూడా లేకుండా కండ మాత్రం తీసి, మసాలా పడకముందు. కాళ్ళలో కండ తియ్యడం పెద్ద పని, డొప్పలోది తీసి పెట్టమనండి. మొదటిసారి కొంచెమే, పడిందో లేదో మర్నాడు తొట్టిలో చూసి చెప్పండి.